వెనక సీటు

నిజ్వాలో మన తెలుగువాళ్ళం నాలుగు కుటుంబాలు ఒకచోట చేరితే, మగవాళ్ళ మాటలు ఎక్కడ మొదలైనా చివరికి కార్ల దగ్గరికే వస్తాయి. మస్కట్‌లో ఉన్నవారికి సముద్రం ఉంది, సినిమా హాళ్ళున్నాయి, వారం వారం ఏదో ఒక సభ ఉంటుంది. మాకు కోట ఉంది, శుక్రవారం పొద్దున్న మేకల సంత ఉంది, ఫలజ్ దారిస్ కాలవలో కాసేపు కాళ్ళు పెట్టుకుని కూర్చోవచ్చు. ఆ పైన ఇక రోడ్డే. 1970 నాటికి ఈ దేశం మొత్తం మీద తారు రోడ్డు పది కిలోమీటర్లే ఉండేదని పాతవాళ్ళు చెప్తారు. ఇప్పుడు నిజ్వా నుంచి మస్కట్‌కి నూటఅరవై కిలోమీటర్లూ అద్దంలాంటి రోడ్డు. అలాంటి రోడ్డు ఇంటి ముందు పెట్టుకుని, పెట్రోలు చౌకగా దొరికే దేశంలో ఉండి, నాలుగు సిలిండర్ల కారుతో సరిపెట్టుకోవడం మనసుకి ఒప్పదు. మన ఇంజనీర్లలో, డాక్టర్లలో, కాలేజీ మేష్టర్లలో ఎంతమంది గుండెల్లో ఎంత పెద్ద ఇంజను దాగి ఉందో వారి వారి శ్రీమతులకు తెలుసు.

మూడు వందలు, నాలుగు వందలు, అయిదు వందల గుర్రాల బలం ఉన్న సెడాన్లు ఇక్కడ సెకండ్ హ్యాండులో మన దేశంలో ఊహించలేని ధరలకు దొరుకుతాయి. కనక తరచుగా వినబడే ప్రశ్న ఏమిటంటే, ‘‘అలాంటి కారు రోజూ వాడుకోవడానికి పనికొస్తుందా? కుదుపు ఉండదూ?’’ అని. కొన్నవాడి సమాధానం ఎప్పుడూ ఒకటే: ‘‘అబ్బే, పల్లకీలో కూర్చున్నట్టుంటుంది మాష్టారూ!’’

ఆ మాట అబద్ధం కాదు. కాని ఆ మాట చెప్తున్నది ఎవరు? నడిపేవాడు. నడిపేవాడికి ముందు ఏ గతుకు రాబోతున్నదో కళ్ళకి కనబడుతుంది. చేతిలో స్టీరింగు చక్రం ఉంటుంది, ఒళ్ళు ముందే బిగబట్టుకుంటాడు. పైగా కారులో అతను కూర్చునే చోటు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ ఇంచుమించు మధ్యన. తూగుటుయ్యాలకి నడిమి భాగం ఎంత తక్కువ ఊగుతుందో అతనూ అంత తక్కువ ఊగుతాడు. వెనక కూర్చున్న మనిషి వెనక ఇరుసుకి కాస్త ముందు, దాదాపు దాని మీదనే కూర్చుంటుంది. చక్రం ఎక్కిన ప్రతి గట్టూ దిగిన ప్రతి గుంటా ఆవిడ నడుముకి నేరుగా చేరుతుంది. అందుచేత వేగపు కారు సుఖంగా ఉందో లేదో వెనక సీట్లో వారిని అడగాలి. అడిగితే చెప్పని వారైతే మరో ఉపాయం వెతకాలి. మా అమ్మ అడిగితే చెప్పే మనిషి కాదు. ఈ వ్యాసం అందుకే.

మా నాన్నగారు పోయిన తరవాత అమ్మ తెనాలిలో ఒక్కతే ఉండేది. 2022 వేసవిలో పెరట్లో నూతి గట్టు దగ్గర కాలు జారి కూర్చున్నపళంగా పడింది. డెబ్భై నాలుగేళ్ళ ఎముక. నడుములో ఒక వెన్నుపూస నలిగింది. అక్కడ రెండు నెలలు మంచం మీద ఉంచి, అక్టోబరులో నిజ్వా తీసుకువచ్చాం. మా ఆవిడ ఇక్కడే ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపీ విభాగంలో పనిచేస్తుంది కనక ఇంటి దగ్గర చూసుకోవడానికి లోటు లేదు. అయితే వెన్నుపూస చూసే పెద్ద డాక్టరు మస్కట్‌లో ఉన్నారు. పదిహేను రోజులకొకసారి వెళ్ళి రావాలి. అంటే పోనూ రానూ మూడు వందల ఇరవై కిలోమీటర్లు.

మొదటిసారి వెళ్ళవలసి వచ్చినప్పుడు మా పదహారేళ్ళ పాత కారు ఏసీ కంప్రెసరు చెడి షెడ్డులో ఉంది. మిత్రుడొకాయన తన కారు తెచ్చారు. అయిదు వందల గుర్రాల పైమాటే. ఇరవై అంగుళాల చక్రాలు, ఎర్రని బ్రేకులు, సీట్లకి లేత గోధుమరంగు తోలు. కంపెనీ పేరు చెప్పను. ఆ కారు చేయవలసిన పని అది చక్కగానే చేస్తుంది, ఆ పని మా అమ్మని మోయడం కాదు, అంతే. ఆయన ఎంతో జాగ్రత్తగా నడిపారు. గేరు పక్కనున్న బటను నొక్కి ‘‘ఇది కంఫర్ట్ మోడ్, పిన్నిగారూ. ఇప్పుడు మెత్తగా పోతుంది’’ అని కూడా చెప్పారు. అమ్మ ‘‘రథంలా ఉంది నాయనా, చల్లగా ఉండు’’ అంది.

అమ్మకి రామకోటి వ్రాసే అలవాటు ఉంది. గళ్ళు అచ్చువేసిన పుస్తకం, గడికొక ‘శ్రీరామ’. ప్రయాణంలో కూడా ఒళ్ళో పెట్టుకుని వ్రాస్తుంది. రైల్లో వ్రాసేది, ఎర్ర బస్సులో కూడా వ్రాసేది. ఆ రోజు ఇంటికి వచ్చాక పుస్తకం బల్ల మీద పెట్టి, అన్నం వద్దని పడుకుంది. మా ఆవిడ వేడి కాపడం పెడుతూ నన్ను పక్కకి పిలిచి, ‘‘అత్తయ్య తలుపు పైనున్న పిడిని దారంతా వదల్లేదు, చూశారా? అరిచేతిలో గీత పడిపోయింది’’ అంది. నేను ముందు సీట్లో కూర్చుని మాటల్లో ఉన్నాను. అప్పుడు రామకోటి పుస్తకం తెరిచి చూశాను. ఇంటి దగ్గర వ్రాసిన పేజీల్లో ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ రోజు పేజీలో ‘శ్రీ’ గుడి గడి దాటి పైకి పోయింది, ‘మ’ కొమ్ము కింది గడిలోకి దిగింది. ఊళ్ళో సందుల్లో స్పీడు బ్రేకర్లు ఉన్న చోట గీత మధ్యలో కలం ఎగిరిపడిన మచ్చలు. సమాయిల్ దాటాక గళ్ళన్నీ ఖాళీ. వ్రాయడం మానేసింది.

పదిహేను రోజుల తరవాత మళ్ళీ వెళ్ళవలసిన రోజు వచ్చేసరికి, ‘‘ఇప్పుడు బాగానే ఉంది కదరా, అంత దూరం దేనికి’’ అంది. ఆ పై వారం మస్కట్ కృష్ణుడి గుడికి తీసుకువెళ్తానంటే, ‘‘దేవుడు ఇక్కడ లేడూ’’ అంది. డిసెంబరు వచ్చేసరికి, ‘‘నన్ను ఇంటికి పంపించెయ్యరా. నూతి గట్టుకి సిమెంటు చేయిస్తే సరిపోతుంది’’ అని మొదలుపెట్టింది. తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా ఉండడానికి సిద్ధపడిందేగాని, కారెక్కితే నొప్పిగా ఉంది అనే ఒక్క మాట ఆవిడ నోట రాలేదు. మిత్రుడి కారు గురించి ఆ మాట అంటే ఆయన చిన్నబుచ్చుకుంటారని, కొడుకుని కొత్త కారు కొనమన్నట్టు అవుతుందని.

నేను మెకానికల్ ఇంజనీరుని. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ పిల్లలకి కంపనాల పాఠం చెప్తున్నాను. ఆ పాఠాన్ని మా అమ్మ వెన్నుపూసకి అనువదించుకోవలసి వస్తుందని అనుకోలేదు. మీకు విసుగు కలగకుండా కాస్త చెప్తాను.

మా తాతగారి గూడు బండికి స్ప్రింగులు లేవు. ఇరుసు మీద నేరుగా పెట్టె. అయినా పెళ్ళికూతుళ్ళని అందులోనే తీసుకువెళ్ళేవారు. ఎలాగంటే, అడుగున జానెడు మందాన వరిగడ్డి పరిచి దాని మీద జంపఖానా వేసేవారు. చక్రం ఎక్కిన రాయి దెబ్బ గడ్డిలో చచ్చిపోయేది. ఇప్పటి కారులో ఆ గడ్డి పని చేసేది టైరు గోడ, అంటే చక్రపు రేకుకీ రోడ్డుకీ నడుమ గాలితో నిండిన రబ్బరు. ఆ పైన స్ప్రింగు. స్ప్రింగు ఊగుతూ ఉండిపోకుండా పట్టి ఆపేది షాక్ అబ్జార్బరు. ఈ మూడింటిలో ఏది ఏ దెబ్బని ఆపుతుందో తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే. స్పీడు బ్రేకరులాంటి పెద్ద గట్టు స్ప్రింగు పని. వంతెన మీద ఇనప అతుకు, తారు మీద పగులు వంటి చిన్న పదునైన దెబ్బ టైరు గోడ పని. దిగిన తరవాత కారు ఒక్క ఊపుతో నిలబడుతుందా, మూడు ఊపులు ఊగుతుందా అన్నది షాక్ అబ్జార్బరు పని.

స్ప్రింగు ఎంత మెత్తనిదో చెప్పడానికి ఒక చక్కని లెక్క ఉంది. కారు బరువుకి స్ప్రింగు పాతిక సెంటీమీటర్లు కుంగిందంటే ఆ కారు సెకనుకి ఒకసారి ఊగుతుంది. పదకొండు సెంటీమీటర్లే కుంగితే సెకనుకి ఒకటిన్నర సార్లు. ఆరే కుంగితే రెండు సార్లు. మనిషి మామూలుగా నడిచేటప్పుడు ఒళ్ళు సెకనుకి ఒకటిన్నర, రెండు సార్లు పైకీ కిందికీ కదులుతుంది గనక, ఆ లోపల ఉన్న ఊపు మనకి అలవాటైనదే. సాధారణ కారు ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఉంటుంది. పందెపు లక్షణాలున్న కారు రెండు వైపు పోతుంది. మలుపులో ఒరగకుండా ఉండడానికి గట్టి స్ప్రింగు కావాలి కదా.

దీనికి అవతల మనిషి నడుము ఉంది. కూర్చున్న మనిషి మొండెం సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది సార్లు కదిపే కంపనాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది. కంపనాల కొలత గురించిన ఐ.ఎస్.ఓ. 2631 ప్రమాణంలో కూడా నిలువు కంపనానికి ఈ ప్రాంతానికే పెద్ద పీట. ఇప్పుడు లెక్క చూడండి. గంటకి 120 కిలోమీటర్లంటే సెకనుకి ముప్ఫై మూడు మీటర్లు. రోడ్డు మీద ఎనిమిది మీటర్ల పొడవున్న మెల్లని అల ఉందనుకోండి, కంటికి కనబడదు. ఆ వేగంలో అది సెకనుకి నాలుగు సార్లు కారుని తడుతుంది. సరిగ్గా నడుము పట్టుకునే చోట! తొంభైలో పోతే మూడు సార్లే. మెత్తని స్ప్రింగు దీన్ని వడగడుతుంది, గట్టి స్ప్రింగు పైకి పంపిస్తుంది. అద్దంలాంటి రోడ్డు అని నేను పైన వ్రాశాను. అద్దంలో కూడా అలలుంటాయి.

ఇక ఆ కంఫర్ట్ బటను సంగతి. మామూలు ఇనప స్ప్రింగులున్న కారులో ఆ బటను నొక్కితే షాక్ అబ్జార్బరు మెత్తబడుతుంది. స్ప్రింగు మారదు, టైరు మారదు. గాలి తిత్తుల సస్పెన్షను ఉన్న కార్లలో కొంత మేలు. నా మిత్రుడి కారు వెనక టైర్ల మీద 295/30 అని ఉంది. మీ కారు టైరు మీద కూడా ఇలాంటి అంకె ఉంటుంది, వెళ్ళి చూడండి. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో గోడ ఎత్తు నూటికి ఎన్నో వంతు. 295లో ముప్ఫై శాతం అంటే తొమ్మిది సెంటీమీటర్లకి తక్కువ. చూడ్డానికి పళ్ళెం అంత చక్రం, దాని చుట్టూ నల్ల రిబ్బను. అందంగానే ఉంటుంది. గడ్డి లేని గూడు బండి.

అలాగని వేగానికీ సుఖానికీ పుట్టుకతో వైరం ఉందనుకోకండి. ఆ రెంటినీ కలిపిన పెద్దలున్నారు. 1930లలో అమెరికాలో కాడిలాక్ కంపెనీలో మారిస్ ఓలీ అనే ఇంగ్లీషు ఇంజనీరు, కారుకి అటూ ఇటూ బరువులు జరిపి, ఎంతోమందిని కూర్చోబెట్టి ఊపి చూశాడు. ముందు స్ప్రింగులు వెనక వాటికంటే మెత్తగా ఉంటే, గట్టు దాటాక కారు ముందుకీ వెనక్కీ తూగకుండా త్వరగా సమమవుతుందని తేల్చాడు. ముందు చక్రాలు గట్టు ఎక్కిన కాసేపటికి గాని వెనకవి ఎక్కవు. ఆలస్యంగా ఊగడం మొదలుపెట్టిన వెనక భాగం కాస్త తొందరగా ఊగితే ముందు భాగాన్ని అందుకుంటుంది. ఇంతకంటే తెలివైన ఆలోచన ఈ రంగంలో నాకు కనబడలేదు. 1968లో జాగ్వార్ ఎక్స్.జె. 6 వచ్చింది, పరుగుకీ మెత్తదనానికీ పేరుపడింది. 1975లో మెర్సిడెస్ 450 ఎస్.ఈ.ఎల్. 6.9 వచ్చింది. దాదాపు ఏడు లీటర్ల ఇంజను, 286 గుర్రాలు, గంటకి 225 కిలోమీటర్ల వేగం. ఇనప స్ప్రింగుల బదులు నూనె, గాలి కలిసి పనిచేసే గోళాలు. ఆ విద్యని అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1955లో, ఫ్రెంచి సిత్రోయెన్ డి.ఎస్. చూపించింది. ఆ రోజుల్లో ఆ కార్లకి లావుపాటి టైర్లు ఉండేవన్నది గమనించండి. చక్రాలు పళ్ళేలైపోయింది తరవాత కాలంలో. అది ఇంజనీర్ల కోరికో, షోరూముల కోరికో మీరే ఊహించుకోండి.

మన అంబాసిడర్ మాత్రం సుఖంగా ఉండేది కాదా అని అమ్మే అడిగింది ఒకసారి. ఉండేది. వెనక కమాను పట్టీలు, మంచంలాంటి సీటు, ఎత్తైన టైరు. అయితే దాన్ని యాభైలో నడిపేవాళ్ళం. 120లో దాని కమాన్లు ఏం పాట పాడేవో వినే అదృష్టం మనకి కలగలేదు.

జనవరి 2023లో నేను కారు వెతకడం మొదలుపెట్టాను. పెద్ద ఇంజను కారు కొనాలన్న కోరిక నాకు కాలేజీ రోజుల నుంచీ ఉంది, అబద్ధమెందుకు. మా అబ్బాయి ఆ ఏడు ప్లస్ టూ. మరుసటి ఏడాది నుంచి ఫీజులు. కొంటే అప్పుడే కొనాలి. బుద్ధిమంతులెవరైనా ‘‘మీ అమ్మగారికి నొప్పి, నీకేమో వేగం కావాలి, మెత్తని ముసలి కారు కొనుక్కో’’ అంటారు. ఆ పని కూడా చేసి చూశాం. మొదట చూసింది అలాంటిదే, పెద్ద శరీరం, మెత్తని పరుపు. అమ్మని వెనక కూర్చోబెట్టి, పుస్తకం, కలం ఇచ్చి, ఇజ్కీ దాకా వెళ్ళి వచ్చాం. అమ్మే ఆయన ఇదేదో పూజ అనుకున్నట్టుంది, చెప్పులు తీసేసి కూర్చున్నాడు. ఊళ్ళో స్పీడు బ్రేకర్ల మీద అక్షరాలు బాగానే వచ్చాయి. హైవే ఎక్కి నూరు దాటాక, ప్రతి పల్లం తరవాతా కారు పడవలా మూడేసి సార్లు ఊగింది. అక్షరాలు గళ్ళలోనే ఉన్నాయిగాని వరస వరసంతా పాములా వంకర తిరిగింది. అమ్మ కలం మూసేసి, ‘‘కాస్త కిటికీ తియ్యరా’’ అంది. మొహం పాలిపోయింది. షాక్ అబ్జార్బర్లు అరిగాయని కొంత, ఆ కారు నడతే అంత అని కొంత. మెత్తదనం ఒక్కటే సుఖం కాదని ఆ పేజీ చూస్తే తెలుస్తుంది.

మధ్యలో చూసిన మరో రెండింటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

నాలుగోది జర్మను సెడాను. ఆరు సిలిండర్లు, మూడు వందల పైచిలుకు గుర్రాలు. అయిదు వందలవాడికి తమ్ముడు. పేరు వ్రాస్తే ఇది ప్రకటన అయిపోతుంది, కావలసినవారు ఫోను చేయండి. హైవే మీద 110లో అమ్మ వ్రాసిన గళ్ళు ఇంటి దగ్గర వ్రాసినట్టే ఉన్నాయి. పల్లం వస్తే ఒక్కసారి దిగి, ఒక్కసారి లేచి, నిలబడేది. వేగం కోసం చేసిన కారుకుండే మంచి గుణం ఇదే. ఊపుని అదుపులో పెట్టుకోవడం దానికి పుట్టుకతో వస్తుంది, ఆ అదుపు వెనక సీటు వారికి కూడా దక్కుతుంది. కాని వంతెనల అతుకుల దగ్గర, మా ఫర్క్ వైపు సందులో స్పీడు బ్రేకర్ల దగ్గర మళ్ళీ అవే మచ్చలు. దిగి టైర్లు చూశాను. పంతొమ్మిది అంగుళాల చక్రాలు, 245/40. అదీగాక పంక్చరయినా పరిగెత్తే రకం టైర్లు. గాలి పోయినా కారు బరువు మోయడానికి వాటి గోడలు రాయిలా బిగించి చేస్తారు. తప్పు కారుది కాదు, దాని చెప్పులది.

అమ్మే ఆయనతో బేరం ఆడి, పద్ధెనిమిది అంగుళాల చక్రాలు, 245/45 మామూలు టైర్లు వేయించాను. లెక్క వేయండి: 245కి నలభై శాతం తొంభై ఎనిమిది మిల్లీమీటర్లు, నలభై అయిదు శాతం నూటపది. పన్నెండు మిల్లీమీటర్ల గడ్డి పెరిగింది. మొత్తం చక్రం ఎత్తు ఇంచుమించు అంతే కనక స్పీడోమీటరు తప్పు చూపించదు. పదిహేడు అంగుళాలకి 225/55 అయితే గోడ నూటఇరవైనాలుగు వచ్చేది. ఆశపడ్డాను, కాని ఆ రేకు ముందు బ్రేకుకి తగులుతుందని మెకానిక్కు ఒప్పుకోలేదు. ఈ పని చేయదలచుకున్నవారు కంపెనీ పుస్తకంలో మీ కారుకి రాసిన కొలతలకే కట్టుబడండి. టైరు మోయగల బరువు, వేగం కూడా అందులో ఉన్నట్టే ఉండాలి. ఇంకో చిక్కు ఉంది. పంక్చరయినా పరిగెత్తే టైర్లు గాలి పోయాక కూడా ఎనభై వేగంలో మరో ఎనభై కిలోమీటర్లు తీసుకుపోతాయి. మామూలు టైరు వేస్తే స్టెప్నీ, జాకీ డిక్కీలో పెట్టుకోవాలి. ఆ కారులో స్టెప్నీకి గుంట లేదు. డిక్కీలో సగం అదే తింటోంది. అమ్మ వీల్‌చైరు మడిచి పక్కన పెడితే ఇక బియ్యం బస్తాకి చోటు లేదు. ఇబ్రీ వైపు ఖాళీ రోడ్డు మీద ఎండలో నిలబడడం కంటే నయమే.

గాలి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఖర్చు కాని సుఖం అదొక్కటే. డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద చీటీ ఉంటుంది. ఇద్దరు ముగ్గురుంటే ఎంత గాలి, నిండా మనుషులూ సామానూ ఉంటే ఎంత అని రెండు వరసలుంటాయి. పంక్చరు షాపుల్లో అడక్కుండా అందరికీ ఒకే లెక్కలో బిర్రుగా కొట్టేస్తారు. టైరు రాయి అవుతుంది. పొద్దున్నే, ఎండ తగలకముందు, కారు కదలకముందు కొలవాలి. పది డిగ్రీల వేడి పెరిగితే గాలి ఒత్తిడి ఒకటిన్నర పౌను పెరుగుతుంది గనక, మధ్యాహ్నం కొలిచి ఎక్కువైందని తీసెయ్యకూడదు. మెత్తగా ఉంటుందని చీటీలో రాసినదానికంటే తగ్గించడం ఈ ఎండల్లో ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. గోడ మీద నాలుగంకెలుంటాయి, టైరు పుట్టిన వారం, సంవత్సరం. అది కూడా చూసి కొనండి. నీడలో పడి ఉన్న పాత టైరు కొత్తదానిలాగే నల్లగా ఉంటుంది.

మిగిలింది నడిపేవాడి కాలు. స్పీడు బ్రేకరు మీదికి బ్రేకు నొక్కుతూ ఎక్కితే కారు ముక్కు అప్పటికే కిందికి వంగి ఉంటుంది, స్ప్రింగు కుంగడానికి ఇంక చోటుండదు. ముందే వేగం తగ్గించి, చక్రం తగలబోయే క్షణానికి కాలు తీసెయ్యాలి. ముక్కు లేస్తుంది, అప్పుడు ఎక్కాలి. ఇరవై వేగంలో ముందు చక్రాలు దాటిన అర సెకనుకి వెనకవి తగులుతాయి. చాలామంది ముందు చక్రాలు దాటగానే గట్టు అయిపోయిందనుకుని యాక్సిలరేటరు తొక్కుతారు. వాళ్ళకి అయిపోయింది, వెనక కూర్చున్నవారికి అప్పుడే వస్తోంది. మా ఇంటి గుమ్మం నుంచి పెద్ద రోడ్డుకి ఏడు స్పీడు బ్రేకర్లు. ఏడూ నాకు ఇప్పుడు పేరు పేరునా తెలుసు.

మరి మూడు వందల గుర్రాలూ ఏం చేస్తున్నాయని మీరు అడగవచ్చు. సమాయిల్ దగ్గర కొండల మధ్య ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు పెంచకుండా పోతుంది, గేరు మారినట్టు అమ్మకి తెలియదు. లారీని దాటవలసినప్పుడు రెండు క్షణాల్లో అయిపోతుంది, ఆవిడ పిడి పట్టుకునేలోగా మన వరసలోకి వచ్చేస్తాం. ఇక్కడ అమ్మే కార్లలో చాలావాటికి ఉన్నట్టు 120 దాటితే గంట మోగుతుంది. అమ్మ దానికి గుడిగంట అని పేరు పెట్టింది. అది మోగిందంటే, ‘‘హారతి ఇచ్చేశారు, ఇక నెమ్మది’’ అంటుంది. ఒంటరిగా పొద్దున్నే కాలేజీకి వెళ్ళేటప్పుడు ఆ గుర్రాలు నాతో ఏం మాట్లాడుకుంటాయో అది వెనక సీటు వారికి సంబంధించిన విషయం కాదు.

2023 మార్చి 22న ఉగాది. పొద్దున్నే పచ్చడి తిని, నలుగురం మస్కట్ బయలుదేరాం. అమ్మ తనంతట తనే, ‘‘డాక్టరుగారిని ఎటూ రేపు చూడాలి కదా, ఇవాళే వెళ్ళి ఆ గుడి కూడా చూసి ఉండిపోదాం’’ అంది. నేను తల తిప్పకుండా సరేనన్నాను. మర్నాడు సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఫంజా దాటేదాకా వ్రాస్తూనే ఉంది. ఇంటికి వచ్చాక అలవాటు చొప్పున పుస్తకం తెరిచి చూస్తే, సమాయిల్ నుంచి మళ్ళీ గళ్ళన్నీ ఖాళీ. గుండె గతుక్కుమంది. మా అబ్బాయి నవ్వి, ‘‘నానమ్మ నిద్రపోయింది నాన్నా. నా భుజం మీదే. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర లేచి ఊరొచ్చిందా అని అడిగింది’’ అన్నాడు.

తెనాలి మాట ఆ తరవాత రాలేదు. నూతి గట్టుకి సిమెంటు మాత్రం చేయించాం, వేసవికి వెళ్ళినప్పుడు పనికొస్తుందని. నా మిత్రుడు కూడా ఇటీవల తన కారుకి పంతొమ్మిది అంగుళాల చక్రాలు వేయిస్తున్నాడు. వాళ్ళ అత్తగారు వస్తున్నారట.

చివరిగా ఒక సహాయం అడగాలి. అమ్మ దగ్గరున్న రామకోటి పుస్తకం అయిపోవచ్చింది. ఇక్కడ దొరకదు. మామూలు నోటుబుక్కులో గళ్ళు గీసి ఇస్తే ఒప్పుకోవడం లేదు. ఈ నెలలో విజయవాడ, గుంటూరు, తెనాలి వైపు నుంచి వచ్చేవారు ఎవరైనా ఉంటే రెండు పుస్తకాలు తెచ్చిపెట్టగలరు. పెద్ద గళ్ళవి. మస్కట్ విమానాశ్రయానికి నేనే వచ్చి తీసుకువెళ్తాను, మిమ్మల్ని కూడా. వెనక సీటు ఖాళీగానే ఉంటుంది.